యాక్సిలరేటర్ వదలొద్దు

"పదకొండింటికి హార్బర్ ముఖద్వారంలో ఫెర్రీ పేలుతుంది. విదేశీ ముఠా పని. అది అక్కడ మునిగితే హార్బర్‌కి దారే ఉండదు," అన్నాడు చీఫ్, టీ ఊదుకుంటూ.

ఏజెంట్ నైన్‌కి ఒళ్లు మండిపోయింది. ఆ ఫెర్రీ కెప్టెన్ అతని సొంత అక్క.

"ఎప్పుడు తెలిసింది సార్?"

"నిన్న సాయంత్రం."

"నిన్ననా! మరి జనాన్ని ఎందుకు ఎక్కనిచ్చారు?"

"ఆపితే ముఠా జారుకుంటుంది. ఇప్పుడు వెనక్కి రమ్మంటే వెంటనే బాంబు రిమోట్ నొక్కేస్తారు. ఆ రిమోట్ తీరంలో ఏదో కొండసందులో ఉంది. జెట్ స్కీ గైడ్ మన మనిషే, చూపిస్తుంది. ఈ వాచీ రిమోట్ దగ్గరికెళ్తే మోగుతుంది. కోడ్ వర్డ్, 'నీళ్లు చల్లగా ఉన్నాయా?'"

"అందులో మీ అక్కే ఉంటే ఇలాగే టీ తాగుతారా?" నైన్ తలుపు దడాలున వేసి వెళ్లాడు.

పది గంటలకి నైన్ బీచ్‌లో ఉన్నాడు. పూల చొక్కా, ముక్కు నిండా తెల్ల క్రీము. అచ్చం టూరిస్టు.

"నీళ్లు చల్లగా ఉన్నాయా?"

"మీ మొహం కంటే చల్లగానే ఉన్నాయి," జెట్ స్కీ గైడ్, నల్ల కళ్లద్దాల సుందరి, నవ్వింది. "ఒక్కటి గుర్తుంచుకోండి. ఎంత భయమేసినా యాక్సిలరేటర్ వదలొద్దు. వదిలితే హ్యాండిల్ ఎంత తిప్పినా బండి తిరగదు, తిన్నగా పోతుంది. కొత్తవాళ్లందరూ చేసే తప్పు అదే."

రెండు జెట్ స్కీలు బయల్దేరాయి. మొదటి సందులో వాచీ ఆన్ చెయ్యగానే మోగింది. గుహ మూలలు, పక్షి గూళ్లు అన్నీ జల్లెడ పట్టాడు. ఏమీ లేదు. రెండో సందులోనూ మోగింది. ఏమీ లేదు. మూడోదాంట్లో మోకాళ్లు చీరుకుపోయాయి. టైము పదీ యాభై.

"దిక్కుమాలిన వాచీ!" చీఫ్‌నీ, ఆఫీసునీ తిట్టుకుంటూ నైన్ వెనకబడ్డాడు. వాచీ ఆగింది.

"రండి, తొందరగా!" ఆమె వెనక్కి తిరిగి దగ్గరికొచ్చింది. వాచీ మళ్లీ మోగింది.

రిమోట్ ఏ సందులోనూ లేదు. ఆమె బండి ముందు పెట్టెలోనే ఉంది!

"గంటసేపు నాచేత రాళ్లు ఏరించావా!" అతని అరికాలి మంట నెత్తికెక్కింది.

ఆమె దూసుకుపోయింది. ఎదురుగా ఫెర్రీ ముఖద్వారంలోకి వస్తోంది. నైన్ ఫెర్రీ ముక్కుకి అడ్డంగా తోలి, ఆమెని కొండవైపు నెట్టాడు. ఫెర్రీ హారన్ చెవులు చిల్లులు పడేలా మోగింది. ఆమె ఎడంచేత్తో రిమోట్ లాగింది. దానికి మూత ఉంది, ఒంటిచేత్తో రాదు. కుడిచెయ్యి యాక్సిలరేటర్ వదిలింది.

ముందు బండరాయి. హ్యాండిల్ తిప్పింది. బండి వింటేనా! తిన్నగా వెళ్లి గుద్దింది. రిమోట్ ఎగిరి సముద్రంలో పడింది. పదీ యాభై తొమ్మిది.

"కొత్తవాళ్లు చేసే తప్పు కదూ?" నైన్ ఆమె కాలరు పట్టి పైకి లాగాడు.

జనం దిగాక బాంబు స్క్వాడ్ ప్లంబర్ల వేషంలో ఫెర్రీ ఎక్కి పని ముగించింది. చీఫ్ శభాష్ అంటూ చెయ్యి చాపాడు. నైన్ ఆ చెయ్యి ముట్టుకోలేదు.

సాయంత్రం అక్క ఫోన్ చేసింది. తమ్ముడు ఫ్రిజ్‌లు అమ్ముతాడని ఆవిడ నమ్మకం.

"ఇవాళ పూల చొక్కా వెధవొకడు నా ఫెర్రీకి అడ్డంగా తోలాడురా! కంప్లైంట్ రాసిచ్చా. వాణ్ణి కాదు, కన్నతల్లిని అనాలి!"

"అమ్మని మాత్రం ఏమీ అనకక్కా," అన్నాడు నైన్.