మూడు వందల కోతల చాకు

"నన్ను అబద్ధాలకోరు అనుకుంటున్నారమ్మా," అంటూ బసవయ్య బిషాన్‌లోని ఆ చిన్న ఆఫీసు కుర్చీలో కూలబడ్డాడు. తంజోంగ్ పగార్ రేవులో ముప్పై ఏళ్లు బరువులు కట్టిన చేతులవి. ఇవాళ కుర్చీ చేతుల్ని గట్టిగా పట్టుకున్నాయి.

డిటెక్టివ్ లలితకుమారి మంచినీళ్లు ముందుకు జరిపింది. సహాయకుడు దొరబాబు నోట్‌బుక్ తెరిచాడు. మేడమ్ తలచుకుంటే నేరం తనంతట తానే వచ్చి ఒప్పుకుంటుందని అతని గట్టి నమ్మకం.

ఇంటర్నెట్‌లో కొట్టు తెరిస్తే చాలు, దశ తిరిగిపోతుందని అందరూ నమ్మిన రోజులవి. అలాంటి కంపెనీ ఒకటి బసవయ్య తయారుచేసిన మడతచాకు అమ్ముతానంది. మూడు వందలసార్లు మోకు కోసినా దాని పదును పోదని ఆయన మాట. ఆ పొద్దున కంపెనీ తరఫున వర్షిత అనే అమ్మాయి వచ్చి పరీక్ష పెట్టింది. యాభై కోతల తర్వాత చాకు న్యూస్‌పేపరును సర్రున కోసింది. వంద తర్వాత కాగితం మధ్యలో పట్టేసింది. నూట యాభైకి చింపి పారేసింది. సాయంత్రం అయిదుకల్లా వర్షిత రిపోర్టు పంపాలి. ఆ తర్వాత బసవయ్య మాటకు విలువుండదు.

గంటలో వర్షితతో సహా అంతా చోవా చూ కాంగ్‌లోని ఆయన వర్క్‌షాపులో ఉన్నారు.

"మోకు ఎవరిది?" అడిగింది లలితకుమారి.

"మాదే ఆంటీ," అంది వర్షిత. "కొత్త చుట్ట, నేనే విప్పా. అంకుల్‌ని ఇవాళే ఫస్ట్ టైమ్ చూస్తున్నా, నాకేం పగ?"

"ముందెప్పుడైనా పరీక్షించారా?"

"మూడుసార్లు మేడమ్," అన్నాడు రాజారావు. రేవు రోజుల నుంచీ బసవయ్యకు నేస్తం. "కోసేది వీడు, లెక్కెట్టేది నేను. ప్రతిసారీ మూడొందలూ దాటింది. ఇనుం కదా, ఓసారి మోసం చేస్తాది మరి."

"పొద్దున చాకు ఎవరి చేతిలో ఉంది?"

"నూనేసి, తెరిచి, బల్లమీద పెట్టింది నేనే," అన్నాడు రాజారావు.

లలితకుమారి తలూపి, అదే రకం చాకు మరొకటి బసవయ్యకిచ్చి, అదే మోకు కోయమంది. యాభై కాగానే ఆయన చాకు టక్కున మడిచి చెమట తుడుచుకున్నాడు.

"ఎందుకు మడిచారు?"

"అలవాటమ్మా. ఓసారి ఓడమీద తెరిచి వదిలేశా, వీడి వేలు తెగింది." రాజారావు మధ్యవేలు ఇప్పటికీ నిటారుగా నిలవదు. "అప్పట్నుంచీ చెయ్యి ఆగితే చాకు మడవాల్సిందే."

ఆయన మరో యాభై కోశాడు. పేపరు సర్రున తెగింది. లలితకుమారి పొద్దుటి చాకును భూతద్దంతో చూసింది. అంచు మధ్యలో గోరంత మేరే మొద్దుబారింది. మిగతాదంతా పదునుగానే ఉంది. పిడి సందులోకి టార్చి వేసి చూసి, అందరినీ బల్ల చుట్టూ కూర్చోమంది.

"మోకు తప్పు లేదు, ఇనుము తప్పూ లేదు." పట్టకారుతో పిడి లోపలి నుంచి కందిబద్దంత సానరాయి ముక్క పెకలించింది. దానికి జిగురు అంటుకుని ఉంది. "చాకు తెరిచి ఉన్నంతసేపూ దీంతో ప్రమాదం లేదు. మడిస్తే అంచు దీనిమీద పడుతుంది. అందుకే మొదటి యాభైకి బాగుంది, మడిచాక చెడింది. బసవయ్యగారు మధ్యలో మడుస్తారని వర్షితకు తెలీదు. ఆయన కాక తెలిసిన మనిషి ఒక్కడే. తెరిచిన చాకు ఎప్పుడూ ఉంచని ఈ బల్లమీద పొద్దున దాన్ని తెరిచి పెట్టిందీ అతనే."

దొరబాబు రాయడం మరిచిపోయాడు.

"నువ్వేనట్రా?" అన్నాడు బసవయ్య.

"వెబ్‌సైట్‌లో నీ ఫోటో ఒక్కటే ఏశారు!" రాజారావు బల్ల గుద్దాడు. "ఆ మడత కీలు నమూనా నేను గీసింది కాదా?"

"ఫోటోకి పిలిస్తే వద్దన్నది నువ్వేగా?"

"వద్దంటాను! ఇంకోసారి అడగొద్దూ?"

బసవయ్య రెండో చాకు అందుకుని మిగతా రెండు వందలూ కోశాడు. కళ్లనీళ్లు మోకుమీద పడుతున్నా తుడుచుకోలేదు. చివర్న పేపరు సర్రున తెగింది.

"పాస్ అంకుల్," అంది వర్షిత మెల్లగా. "పేరు... ఒక్కటే ఉంచమంటారా?"

"ఇద్దరివీ ఎయ్యమ్మా. కీలు వాడిదే." ఆయన రాజారావు వైపు తిరిగాడు. "ఇన్నేళ్లలో నీ దగ్గర నాకు ఏనాడూ మొహమాటం లేదురా. నీకు నా దగ్గర ఉందని ఇవాళే తెలిసింది. ఇంక నా గుమ్మం తొక్కకు."