మంచు ఎత్తేసిన వాకిలి

ముసలి కదిర్‌కుల్ ఉదయం ఏడూ నలభైకి పక్కమీద చనిపోయి కనిపించాడు. పోలీసు కెప్టెన్ బురుల్ ఆ ఇంటికి చేరేసరికి తొమ్మిదీ యాభై.

నాలుగు కిలోమీటర్ల దూరం. రెండు గంటల ప్రయాణం. జీపు రెండుసార్లు మంచులో కూరుకుపోయింది. రెండోసారి ఆమే దిగి పారతో తవ్వింది. నరీన్ పట్నం నుంచి రావలసిన డాక్టర్ ఫోన్ చేసి, కనుమ దారి మూసేశారు, రేపటిదాకా రాలేనన్నాడు. ఆ మాట పూర్తి కాకుండానే చలికి ఫోను ఆగిపోయింది. మైనస్ ముప్ఫై ఒకటి.

గేటు తోసి లోపలికి చూడగానే ఆమెకు ఒళ్ళు మండింది.

వాకిలి శుభ్రంగా ఉంది. చావు కబురు తెలియగానే ఇరుగుపొరుగు వాళ్ళు పారలు పట్టుకొచ్చి గేటు నుంచి గుమ్మందాకా మంచు ఎత్తేశారు. ఎవరూ జారిపడకుండా బూడిద కూడా చల్లారు. ఒక్క అడుగుజాడ మిగల్లేదు. పెరట్లో ఆచారం ప్రకారం శవాన్ని ఉంచే ఉన్ని గుడారం లేచింది. శవం అందులోకి చేరింది.

“నేను వచ్చేదాకా ఏదీ ముట్టుకోవద్దని ఫోన్లో చెప్పానా లేదా?”

“చెప్పావు తల్లీ,” అంది పక్కింటి జూరా. డెబ్భై దాటిన మనిషి. “చావింటి ముందు మోకాటి లోతు మంచు వదిలేస్తే ఊరు మా మొహాన ఉమ్మేయదూ?”

కిందటి నెల బురుల్ తల్లి పోయినప్పుడు ఆ వాకిట్లో మంచునూ ఇలాగే ఎత్తారు. ఆ రోజు పారల చప్పుడు ఎంతో ధైర్యమిచ్చింది.

ఆమె గుడారంలోకి వెళ్ళింది. ముసలాయన బుగ్గలు పసిపిల్లాడి బుగ్గల్లా ఎర్రగా ఉన్నాయి. డాక్టర్ అక్కర్లేదు. ఆ ఎరుపు బొగ్గు గ్యాస్ పీల్చి పోయినవాళ్ళది.

ఆయన పడుకున్న గదిలో కిటికీ సందులన్నిటికీ కాగితం అంటించి ఉంది. పొయ్యి చల్లారి ఉంది. పొగ వెళ్ళే దారికి అడ్డంగా ఉండే రేకు, డ్యాంపర్, పూర్తిగా మూసి ఉంది.

“చూశారుగా కెప్టెన్!” వెనకనుంచి గొంతు. పెద్దకొడుకు సగిన్. నరీన్‌కి వ్యాను నడుపుతాడు. పక్కవీధిలో కాపురం. “నా తమ్ముడి పెళ్ళాం నిప్పు ఆరకుండానే మూసింది. వేడి పోతుందట! మా నాన్నని చంపి ఆవుల కొట్టంలో కూర్చుంది. తమ్ముడు కొండమీద గొర్రెల దగ్గరున్నాడు. వాడొచ్చాక దీన్ని పుట్టింటికి పంపేస్తాం. పిల్ల మాత్రం మా ఇంట్లోనే ఉంటుంది.”

“వాకిట్లో కూడా ఇదే చెప్పావా?”

“అందరి ముందూ చెప్పాను.”

చిన్నకోడలు ఊల్జాన్ గోడకు ఆనుకుని నిలబడి ఉంది. ఆమె చేతుల మీద ఆవు ఈనినప్పుడు అంటిన నెత్తురు ఇంకా పోలేదు.

“పొయ్యిలో బొగ్గు ఎప్పుడు వేశావు?”

“ఐదున్నరకి. తడిపిన బొగ్గుపొడి కప్పాను, మెల్లగా కాలాలని. వెంటనే కొట్టంలోకి వెళ్ళాను. ఆవు ఈనుతోంది.”

“డ్యాంపర్ మూశావా?”

“లేదక్కా.”

“తిరిగి ఎప్పుడొచ్చావు?”

“ఏడూ నలభైకి. దూడ అడ్డం తిరిగింది. వదిలి రాలేకపోయాను.”

“పాప?”

“నిన్ననే జూరా అత్తయ్య ఇంట్లో పడుకోబెట్టాను. లేకపోతే ఇదే గదిలో...” ఆమె ఆగిపోయింది.

“నువ్వెప్పుడొచ్చావు సగిన్?”

“ఆరింటికి. ఇంటి కప్పు మీద మంచు దించి ఆరూ ఇరవైకి వెళ్ళిపోయా. అప్పుడు నాన్న దగ్గు వినిపించింది. బతికే ఉన్నాడు.”

పంచనామా రాద్దామంటే పెన్నులో సిరా గడ్డకట్టింది. బురుల్ దాన్ని చంకలో పెట్టుకుంది. సాక్ష్యం లేదు. జాడ లేదు. ఉన్నదల్లా మూసిన రేకు ఒకటి. దానితో ఒక ఆడమనిషి బతుకు ముగిసిపోతుంది.

“ఈ పొయ్యిలో నిప్పు తీసిందెవరు?”

“నేనే,” అంది జూరా. “మనిషి పోయిన గదిలో నిప్పు ఉంచుతామా? బొగ్గంతా తీసి మంచులో పోశాను.”

“తర్వాత?”

“తర్వాతేముంది, రేకు మూశాను. నిప్పు తీశాక మూయొద్దూ? యాభై ఏళ్ళుగా మూస్తున్నా.”

“అంతకుముందు తెరిచే ఉందా?”

“తెరిచే ఉంది.”

“ఈ మాట ముందే చెప్పొచ్చుగా?”

“నన్నెవరడిగారు?”

బురుల్ కళ్ళు మూసుకుని తెరిచింది.

“ముసలమ్మ అబద్ధమాడుతోంది,” అన్నాడు సగిన్. “రేకు తెరిచే ఉంటే గ్యాస్ ఇంట్లోకి ఎందుకొస్తుంది? చెప్పండి!”



జూరా ముగ్గుర్నీ అతిథుల గదిలోకి లాక్కెళ్ళి టీ పోసింది. చలికాలమంతా మూసి ఉంచే గది అది. ఇప్పుడు వెచ్చగా ఉంది.

“తాగమ్మా, మొహం నీలంగా అయింది. పరామర్శకు వచ్చేవాళ్ళకని తొమ్మిదింటికి ఈ పొయ్యి వెలిగించాను. చచ్చినట్టు పడున్న పొయ్యి, ఒక్క పుల్లకే అంటుకుంది. చుక్క పొగ గదిలోకి రాలేదు.”

బురుల్ చేతిలో టీ కప్పు పెదవి దగ్గరే ఆగింది.

“పిన్నీ, వాడని పొయ్యి గొట్టం మీద మీరు బకెట్ బోర్లిస్తారా?”

“ఎవరు బోర్లించరు? లేకపోతే మంచు మొత్తం లోపలికి రాదూ?”

“మరి ఇవాళ ఆ బకెట్ ఎవరు తీశారు?”

జూరా ఊల్జాన్ వైపు చూసింది. ఊల్జాన్ తల అడ్డంగా ఊపింది.

“సగిన్, నువ్వు పైకెక్కినప్పుడు బకెట్ ఎక్కడుంది?”

“మంచుతోపాటు జారి చూరు దగ్గర పడుంది. తీసి మళ్ళీ గొట్టం మీద పెట్టాను.”

“ఏ గొట్టం మీద?”

సగిన్ తలెత్తి పైకప్పు వైపు చూశాడు.

బురుల్ టీ అక్కడే పెట్టి నిచ్చెన ఎక్కింది. ఇటుక దిమ్మెలోంచి రెండు గొట్టాలు జానెడు దూరంలో నిలబడి ఉన్నాయి. అతిథుల గదిది పొగ వదులుతోంది. ముసలాయన గదిదాని మీద బకెట్ ఉంది. బకెట్ తీసి కిందికి తెచ్చి సగిన్ ముందు పెట్టింది. లోపలంతా తడి మసి.

“ఐదున్నర నుంచి ఆరింటిదాకా మీ నాన్న గదిలో పొయ్యి మామూలుగానే మండింది. ఆరూ ఇరవైకి దాని గొట్టం మూతపడింది. రేకు తెరిచే ఉంది. కానీ పైన దారి లేదు.”

“చీకటి,” అన్నాడు సగిన్. “గాలి. కళ్ళలో మంచు. ఉన్ని తొడుగుల్లో చేతికి వేడి తెలియలేదు. బొగ్గుపొడి కప్పింది కదా, పొగ కూడా కనిపించలేదు. వ్యాను స్టార్ట్ కాదేమోనని తొందర...”



“బావగారూ,” అంది ఊల్జాన్. “కావాలని చేశారా ఏంటి?”

ఆ మాట అతన్ని తిట్టుకన్నా ఎక్కువగా కొట్టింది.

“నేను ఉన్నదే రాస్తాను,” అంది బురుల్. పెన్ను ఇప్పుడు రాస్తోంది. దోషి అనే గడిలో ప్రమాదం అని రాసింది. “ఊరికి ఏం చెప్తావో నీ ఇష్టం. ఉదయం చెప్పింది మాత్రం అందరూ విన్నారు.”

గేటు దగ్గర మగవాళ్ళ ఏడుపు మొదలైంది. పొరుగూరి బంధువులు. వచ్చేవాళ్ళకు ఎదురుగా నిలబడి ఏడవవలసింది పెద్దకొడుకే. సగిన్ ఆచారం ప్రకారం ఆనుకుని ఏడ్చే చేతికర్ర పట్టుకుని గుడారం ముందుకు నడిచాడు.

అందరికన్నా పెద్దాయన అతన్ని కౌగిలించుకుని, గొంతు తగ్గించి అడిగాడు. “దారిలో విన్నాను. కోడలే రేకు మూసిందట కదా?”

వాకిట్లో ముప్ఫైమంది ఉన్నారు. సగిన్ గొంతు తగ్గించలేదు.

“కాదు పెదనాన్నా. పొగగొట్టం మూసింది నేను.”