ఐదు మీటర్ల దగ్గర చీదర

మాస్టారి చావు ఎవరికీ అనుమానం రానంత శుభ్రంగా ఉంది. చీదరకి ఒళ్ళు మండింది అక్కడే.

"చూడు," అన్నాడు చీఫ్, ఫైలు మీద గోళ్ళు కత్తిరించుకుంటూ. "సముద్రం అడుగున మన కేబుల్ చెక్ చేయడానికి దిగాడు. తిరిగొచ్చాడు. పడవ పక్కనే తేలాడు, శవమై. డాక్టరేమో డీకంప్రెషన్ సిక్‌నెస్ అంటున్నాడు. లోతూ టైమూ రాసుకునే, చేతికున్న డైవ్ కంప్యూటరేమో అంతా రూల్ ప్రకారమే జరిగిందంటోంది. ఖర్మ అనుకుని ఫైల్ మూసేద్దాం."

గోరు ముక్క ఒకటి ఎగిరి మాస్టారి ఫొటో మీద పడింది. చీదర దాన్ని పెన్నుతో అవతలికి తోశాడు.

అతని అసలు పేరు డిపార్ట్‌మెంట్‌లో ఎవరికీ గుర్తులేదు. ప్రతిదానికీ మొహం చిట్లిస్తాడని 'చీదర' అని కోడ్‌నేమ్ పెట్టారు. పెట్టినవాళ్ళని చూసినా అతనికి చీదరే. ఈ లోకంలో అతను చీదరించుకోని మనిషి ఒక్కడే, నీళ్ళలో ఊపిరి తీయడం నేర్పిన మాస్టారు. ఇప్పుడు ఆయనా లేడు.

దిగడం ఎవడికైనా వచ్చు, పైకి రావడమే విద్య అనేవాడు మాస్టారు. లోతులో ఒత్తిడికి గాలిలోని నైట్రోజన్ రక్తంలో కరుగుతుంది. నిదానంగా పైకొస్తూ, ఐదు మీటర్ల దగ్గర కంప్యూటర్ అడిగినంతసేపూ ఆగితే ఊపిరితోపాటు పోతుంది. ఆగకుండా దూసుకొస్తే మూత తీసిన సోడాలా ఒళ్ళంతా బుడగలు కడతాయి. కీళ్ళలో కడితే నొప్పి, వెన్నులో కడితే మంచం, అంతకంటే పైకి పాకితే మనిషే ఉండడు.

చీదర మాస్టారి కంప్యూటర్‌లోని గ్రాఫ్‌ని స్క్రీన్ మీద పెద్దది చేశాడు.

"ఐదు మీటర్ల దగ్గర ఈ గీత చూశారా సార్?"

"తిన్నగా ఉంది. చక్కగా ఆగాడు, పాపం."

"మనిషి ఊపిరి పీలిస్తే కాస్త తేలతాడు, వదిలితే కాస్త మునుగుతాడు. బతికున్నవాడి గీత వణుకుతుంది. ఇదేమో స్కేలు పెట్టి గీసినట్టుంది. అక్కడ ఆగింది మాస్టారు కాదు సార్. ఎవరో తాడుకి తగిలించిన కంప్యూటర్."

నెయిల్ కట్టర్ ఆగింది.

"ఆయనతో దిగింది ఎవరు?"

"మన మనిషే. పగడం. నేనే రిక్రూట్ చేశా." చీఫ్ గొంతులో గర్వం ఇంకా చావలేదు.

పగడం డైవింగ్ ఇన్‌స్ట్రక్టర్. ఆమె నవ్వితే ఈత రానివాడు కూడా ఫీజు కట్టేస్తాడని పేరు. విదేశీ ముఠా కబుర్లు మనకి చేరవేస్తుంది. మన కబుర్లు వాళ్ళకీ చేరవేస్తుందని చీఫ్‌కి తట్టలేదు. అందం చూసి నమ్మేవాళ్ళని ఈ డిపార్ట్‌మెంట్ జీతమిచ్చి మరీ పోషిస్తోంది.

"ఆ కేబుల్‌లో ఏం పోతుంది సార్?"

"బయటి దేశాల్లో ఉన్న మనవాళ్ళ రిపోర్టులు. పేర్లతో సహా."

"దానికి వాళ్ళు ఆ రిపోర్టులు కాజేసే దొంగ పెట్టె తగిలించి ఉంటే?"

"పెట్టె మేలుకున్న సాయంత్రానికి మనవాళ్ళు ఒక్కరూ మిగలరు." చీఫ్ గోళ్ళు దులుపుకుని లేచాడు. "మారువేషం, కలప వ్యాపారి. సిగ్నల్, మీ డైవర్లు గాలి నింపి పైకి వదులుతారే, తేలే ఆరెంజ్ గొట్టం, ఆ బాయ్. అది నీళ్ళమీద కనపడగానే పెట్రోల్ బోట్ కదులుతుంది."

"ఎంతసేపట్లో చేరుతుంది?"

"పావుగంట."

"పెట్టె మేలుకోడానికి క్షణం చాలు సార్."

"అందుకేగా నిన్ను పంపేది," అన్నాడు చీఫ్, చాలా తెలివైన మాట అన్నట్టు.

మర్నాడు పొద్దున పడవ మీద కలప వ్యాపారి వాంతి ఆపుకోడానికి తంటాలు పడ్డాడు. అద్దెకిచ్చిన వెట్‌సూట్ కంపు కొడుతోంది. చలికి ఎంతమంది అందులో ఏం చేశారో ముక్కుకి తెలుస్తూనే ఉంది. నోట్లో పెట్టుకునే రబ్బరు మీద ఎవరివో పళ్ళగాట్లు. పైగా చీఫ్ ముచ్చటపడి అంటించిన పెద్ద మీసం. దాని మీద మాస్క్ సరిగ్గా అతుక్కోదని, నీళ్ళు కారుతూనే ఉంటాయని, జీవితంలో నీళ్ళలో దిగనివాడికి ఎవరు చెప్పాలి?

పడవలో ఇంకో అతిథి ఉన్నాడు. తెల్ల సూటు, తెల్ల బూట్లు. పెట్టెని మేలుకొలిపే పాస్‌వర్డ్ ఆయన దగ్గరుందని ఎవరూ చెప్పక్కర్లేదు, ఒళ్ళో లాప్‌టాప్‌ని పసిబిడ్డలా హత్తుకుని కూర్చున్నాడు. మధ్యమధ్య పడవ అంచు మీద వంగి కక్కుతున్నాడు. ఒక దేశాన్ని ముంచడానికి వచ్చిన మనిషి చిన్న అలకి తట్టుకోలేకపోతున్నాడు.

"భయపడకండి సార్," అంది పగడం, చీదర చేతికి అద్దె కంప్యూటర్ కడుతూ. "సెట్టింగులన్నీ నేనే చూశాను. ఆగమంటే ఆగండి. ఆగమనకపోతే నేరుగా పైకి వచ్చేయండి. అది చెప్పినట్టు వింటే చాలు."

"మా ఇంట్లో కూడా అంతేనమ్మా. వినడమే మన పని," అన్నాడు కలప వ్యాపారి.

పగడం పకపకా నవ్వింది. ఆమె అటు తిరగ్గానే చీదర సెట్టింగ్ చూశాడు. సిలిండర్‌లో ఉన్నది మామూలు గాలి. కంప్యూటర్‌కి మాత్రం ఆక్సిజన్ ఎక్కువని చెప్పి ఉంది. అంటే ఒంట్లోకి నైట్రోజన్ తక్కువ చేరిందనుకుని, ఐదు మీటర్ల దగ్గర స్టాప్ అక్కర్లేదని నమ్మకంగా అబద్ధం చెబుతుంది. మనిషి దాన్ని నమ్మి పైకొచ్చి చస్తాడు, అడుగున చూసింది ఎవరికీ చెప్పడు. కత్తి లేదు, రక్తం లేదు, వేలిముద్ర లేదు. ఇంతకంటే నీచమైన హత్య ఉంటుందా అనుకున్నాడు చీదర. సూట్ చేతి కింద తన సొంత కంప్యూటర్‌ని ఒకసారి తడిమి చూసుకుని నీళ్ళలో దూకాడు.

అడుగున నీళ్ళు మసకగా ఉన్నాయి. కేబుల్ ఇసకలో సగం మునిగి ఉంది. పగడం చేపల గుంపుని చూపించి, చూస్తూ ఉండమని సైగ చేసి, రాతి వెనక్కి వెళ్ళింది. చీదర ఆ చేపల్ని చూడలేదు, రాతి అంచు నుంచి తొంగి చూశాడు.

రాతి వెనక కేబుల్‌కి నల్ల పెట్టె బిగించి ఉంది. ల్యాబ్‌వాళ్ళు ఇలాంటిది ఒకసారి విప్పి చూశారు. మర తిప్పితే పేలే రకం. దాన్ని మేలుకొలిపే తాళం డైవర్ చేతి కంప్యూటర్‌లోకి ఎక్కుతుంది. పైకి తెచ్చి లాప్‌టాప్‌కి తగిలించి పాస్‌వర్డ్ కొడితే చాలు. పగడం తన కంప్యూటర్‌ని పెట్టెకి ఆనించింది. ఎర్ర దీపం పసుప్పచ్చగా మారింది. తర్వాత ఇవతలికి వచ్చి, అప్పటికే మళ్ళీ చేపల దగ్గరికి చేరిన కలప వ్యాపారి వైపు చెయ్యి ఊపి, తను ముందు వెళ్తున్నానని సైగ చేసి పైకి తేలింది.

ఆమె వెంట పరిగెత్తాలని చీదర కాళ్ళు గుంజాయి. గుంజితే ఏం? తన బుడగల్లో చిన్నవాటిని కూడా దాటకుండా, ఊపిరి బిగబట్టకుండా, నిదానంగా లేచాడు. మీసం సందుల్లోంచి మాస్క్‌లోకి ఉప్పునీళ్ళు కారుతున్నాయి. చీఫ్‌ని మనసులో బండబూతులు తిట్టాడు.

ఐదు మీటర్ల దగ్గర అద్దె కంప్యూటర్ హుషారుగా, పైకి పోవచ్చు అంది. సొంత కంప్యూటర్, పద్దెనిమిది నిమిషాలు ఆగు అంది. చీదర పడవ నుంచి వేలాడుతున్న తాడు పట్టుకున్నాడు.

తాడుకి ఇంకేదో తగిలింది.

పగడం చేతి కంప్యూటర్. క్లిప్పుతో తాడుకి వేలాడుతూ, ఒంటరిగా, బుద్ధిగా తన స్టాప్ చేస్తోంది. పగడం లేదు.

చీదరకి అర్థమైంది. ఆ మోడల్‌కి దయాదాక్షిణ్యాలు లేవు. స్టాప్ పూర్తికాకుండా నీళ్ళ పైకి వస్తే ఆ క్షణమే లాక్ అయిపోతుంది, రెండు రోజులు తెరుచుకోదు. అప్పుడు లోపలున్న తాళమూ పనికిరాదు. అందుకని కంప్యూటర్‌ని ఇక్కడ ఆపి, తను మాత్రం పైకి పోయింది. ఐదు మీటర్ల దగ్గర గుడ్లప్పగించి వేలాడటం ఆమెకి నామోషీ. రోజూ దిగేవాళ్ళకే ఉంటుంది ఈ జబ్బు. రూళ్ళన్నీ టూరిస్టులకే, తమ రక్తం వేరే రకం అనుకుంటారు. మాస్టారి కంప్యూటర్‌నీ ఇలాగే ఊడదీసి తగిలించి, ఆయన జాకెట్‌లోకి గాలి కొట్టి పైకి వదిలేసి ఉంటుంది. స్టాప్ పూర్తయ్యాక దాన్ని తెచ్చి శవం చేతికి కట్టింది.

ఆమె సిలిండర్‌లో నిజంగానే ఆక్సిజన్ ఎక్కువ, అందుకే స్టాప్ చిన్నది. స్క్రీన్ మీద ఇంకా రెండు నిమిషాలు మిగిలాయి.

దాన్ని దాచుకుంటే కిందికొచ్చి లాక్కుంటారు, తను ఇక్కణ్ణించి కదలలేడు. వదిలేస్తే అడుగుకి పోయి వెతికి తెచ్చుకుంటారు. పైకి లేచి పోరాడితే ఒంట్లో బుడగలే ముందు చంపుతాయి. ఆలోచిస్తుండగా తాడు ఒక్క కుదుపు కుదిపింది. పైన ఎవరో చుట్టడానికి సిద్ధమవుతున్నారు.

ఒక్క నిమిషం.

చీదర నడుముకున్న ఆరెంజ్ బాయ్ లాగాడు. పగడం కంప్యూటర్‌ని తాడు నుంచి తప్పించాడు. క్లిప్ జారింది. మళ్ళీ పట్టాడు. బాయ్ కొసకి తగిలించి, నోటి రబ్బరు దాని కింద పెట్టి గాలి వదిలాడు. స్క్రీన్ మీద ఆఖరి సెకన్లు రాలుతున్నాయి. సున్నా కాకముందే చెయ్యి వదిలాడు.

ఆరెంజ్ బాయ్ బాణంలా దూసుకుపోయింది.

పైన పగడం పెట్టిన కేక నీళ్ళలోకి కూడా వినపడింది. తర్వాత ఏదో ధబ్బున పడింది, లాప్‌టాప్ కావచ్చు. కాసేపటికి పెట్రోల్ బోట్ ఇంజన్ మోత, పడవ మీద బూట్ల పరుగు. జీవితంలో అతిపెద్ద అరెస్ట్ తన నెత్తిమీద జరుగుతుంటే చీదర కింద తాడు పట్టుకుని తన నిమిషాలు లెక్కపెట్టుకున్నాడు. అవి అయ్యాక, మాస్టారి పేరు చెప్పుకుని ఇంకో మూడు నిమిషాలు ఆగాడు.

పైకొచ్చేసరికి తెల్ల సూటు బేడీలతో కక్కుతున్నాడు. పగడం మోచెయ్యి పట్టుకుని కూర్చుంది. భుజాల మీద ఊదారంగు చారలు తేలాయి.

"నొప్పా?"

"బరువెత్తాను. పట్టేసింది, అంతే."

"అందరూ అదే అంటారు," అన్నాడు చీదర. అసహ్యంతో మొహం పక్కకి తిప్పుకుంటూనే ఆమె ముక్కుకి ఆక్సిజన్ మాస్క్ తగిలించాడు.

ఆస్పత్రిలో ఉన్న ఇనప ట్యాంకులో పెట్టి, మళ్ళీ ఒత్తిడి పెంచి, గంటల తరబడి కొంచెం కొంచెంగా తగ్గించాలి. రోగితోపాటు లోపల తెలిసినవాళ్ళు ఒకరు కూర్చోవాలి. ఊళ్ళో తెలిసినవాడు ఒక్కడే. మాస్టారిని చంపిన మనిషితో మోకాళ్ళు తగిలేంత ఇరుకులో, ఆమె చెమట వాసన పీలుస్తూ చీదర కూర్చున్నాడు. ఒక్క ప్రశ్న కూడా వేయలేదు.

కానీ గుమ్మడికాయల దొంగ అంటే భుజాలు తడుముకునే రకం ఆమె. అతని చేతి పక్కనున్న, ఒత్తిడి వదిలేసే వాల్వ్ వంకే గుడ్లు మిటకరించి చూసింది. తను మాస్టారికి చేసినట్టు ఇతను తనకి చేస్తే? మొదటి గంటలో ముఠా పేర్లు చెప్పింది. తర్వాత ఇంకో మూడు పెట్టెలు ఎక్కడున్నాయో చెప్పింది. మాస్టారి విషయం ఏడుస్తూ చెప్పింది. ఆ ఏడుపు చూసినా అతనికి జాలి కలగలేదు.

ట్యాంకులో మాటల రికార్డింగ్ విని చీఫ్ నోరెళ్ళబెట్టాడు.

"ప్రాణం పోయినా నోరు విప్పని మనిషయ్యా అది! ఏం చేసి కక్కించావ్?"

"ఏం చేయలేదు సార్," అన్నాడు చీదర, మూతిమీద మిగిలిన మీసం జిగురు గోక్కుంటూ. "నిదానంగా పైకి తీసుకొచ్చాను."