మేనమామ ఛాతీ

"లోపలికి రాకూడదు."

"ఎందుకు రాకూడదు?"

"తల్లీ తండ్రీ తప్ప ఎవరూ రాకూడదు."

"తల్లి పైఅంతస్తులో మంచం మీద ఉంది. తండ్రి ఓడ ఉద్యోగం, నడిసముద్రంలో ఉన్నాడు. పిల్ల ఒక్కతే ఉంది లోపల. మేనమామని నేను! నన్నాపడానికి మీరెవరు?"

అడిగినవాడు బస్సు డిపోలో మెకానిక్కు. గేటు మీటింగుల్లో మైకు లేకుండానే మూడో వీధికి వినపడేలా మాట్లాడతాడని తోటి కార్మికులు అతనికి మైకు అనే పేరు పెట్టారు. ఆపింది నెలలు నిండని పిల్లల వార్డులో నర్సు. మనిషి చిన్నదే. గుమ్మానికి అడ్డంగా పెట్టిన చెయ్యి మాత్రం ఇనప గడియలా ఉంది.

"ఇది అన్యాయం!" అన్నాడు మైకు. కారిడారంతా దద్దరిల్లింది.

లోపల ఒక మిషను కీచుమంది. నర్సు ఒక్క ఉరుకున వెళ్ళి, అద్దాల పెట్టెలో ఉన్న ఒక పసిగుడ్డు అరికాలి మీద వేలితో తట్టి, మిషను ఊరుకున్నాక వెనక్కి వచ్చింది.

"చూశారా? మీ అరుపుకి వాడు ఊపిరి తీసుకోవడం మరిచిపోయాడు. అప్నియా అంటాం. నెలలు నిండని పిల్లలు అలా మరిచిపోతుంటారు, మేం గుర్తు చేస్తుంటాం. ఇక్కడ న్యాయం కావాలన్నా గుసగుసగానే అడగాలి."

మైకు నోరు టక్కున మూతపడింది. పుట్టి బుద్ధెరిగాక అదే మొదటిసారి.

"సరే," అన్నాడు గుసగుసగా. "మా అక్కకేమైంది? డాక్టరుగారు ప్రీ ఎక్లాంప్సియా అన్నారు, ఎమర్జెన్సీ సిజేరియన్ అన్నారు, ప్రీటర్మ్ అన్నారు, లో బర్త్ వెయిట్ అన్నారు. నాలుగు రాళ్ళు విసిరి వెళ్ళిపోయారు. మనుషుల భాషలో చెప్పండి."

న్యాయమైన డిమాండే. బిడ్డకేమైందని అడిగితే అర్థం కాని మాటలు నాలుగు పారేసి పోవడం వైద్యం కాదు, దబాయింపు. అడగాల్సినవాళ్ళు అడగరు కాబట్టే అది సాగుతోంది. ఈ నర్సుకి ఆ సంగతి తెలిసినట్టుంది, విసుక్కోలేదు.

"మీ అక్కకి బీపీ పెరిగిపోయింది. అది ముదిరితే ఫిట్స్ వస్తాయి. పెద్దవాళ్ళు గుర్రపువాతం అంటారే, అది. అంతదాకా పోకుండా ఆపరేషన్ చేసి బిడ్డని ముందే తీశారు. నెలలు నిండలేదు కాబట్టి బరువు తక్కువ. అక్కకి బీపీ దిగాలి, పాపకి బరువు పెరగాలి. అంతే."

"అంతేనా?"

"అంతే. కానీ పాపకి వెచ్చదనం కావాలి. తల్లి గుండెల మీద ఒంటికి ఒళ్ళు తగిలేలా పడుకోబెడితే బాగా పెరుగుతుంది. కంగారూ కేర్ అంటాం. తల్లి లేవలేకపోతే ఇంట్లోవాళ్ళు ఇంకెవరైనా చేయొచ్చు, మా వార్డు డాక్టరమ్మ ఒప్పుకుంటే." అతన్ని కిందనుంచి పైదాకా చూసింది. "మీకు ఛాతీ ఉందా?"

"సమ్మెల్లో లాఠీలకి ఎదురు నిలబడ్డ ఛాతీ అండీ ఇది!"

"గుసగుసగా."

"...ఇది."

"అయితే దానికి గ్రీజు వదిలేలా స్నానం చేయించి తీసుకురండి. సెంటు కొట్టొద్దు. సిగరెట్టు తాగేవాళ్ళయితే అసలు రావద్దు."

"తాగను."

"బతికించారు. ఒక పేచీ తగ్గింది."

డాక్టరమ్మ ఒప్పుకుంది. నర్సు అతన్ని వాలు కుర్చీలో కూర్చోబెట్టి, చొక్కా గుండీలు విప్పించి, పాపని తెచ్చి గుండెల మీద బోర్లా పడుకోబెట్టి, గుడ్డతో ఇద్దర్నీ కలిపి కట్టేసింది. పాపది అరచెయ్యంత వీపు, దాని మీద ముడతలు. బస్సు ఇంజన్లు ఎత్తిన మనిషి ఆ బరువుకి కదలలేకపోయాడు. పాప తన చేతిని గుప్పిట మూసి అతని రొమ్ము ఎముక మీద ఆనించింది.

"పిడికిలి బిగించింది! మా యూనియన్‌లో పుట్టాల్సింది."

"అందరు పిల్లలూ బిగిస్తారు."

"అందుకే అందరు పిల్లలూ మావాళ్ళే."

ఆమె నవ్వు మాస్కు దాటి కళ్ళలోకి వచ్చింది. ఆ రోజునుంచి పాప పేరు పిడికిలి. మైకు డ్యూటీ పొద్దున్న డిపోలో, మధ్యాహ్నం నుంచి కుర్చీలో. అక్క పిండిన పాలు చిన్న గిన్నెలో పైఅంతస్తు నుంచి తెచ్చేది కూడా అతనే. మొదటిసారి అడుగున నాలుగు చుక్కలు, పచ్చగా చిక్కగా.

"ఇంతేనా?" అన్నాడు.

"ముర్రుపాలు. పాపకి ఇదే మొదటి టీకా అనుకోండి. చుక్క ఒలికిస్తే ఊరుకోను."

ఆ గిన్నె రెండు చేతులా పట్టుకుని అతను మెట్లు దిగుతుంటే జనం తప్పుకుని దారిచ్చేవాళ్ళు.

కుర్చీలో కూర్చున్నవాడికి నోరు తప్ప మరేదీ కదపడానికి వీల్లేదు. ఆ నోటికి కూడా గుసగుసలే.

"ఏమండీ! ఏమండీ! మాడు కొట్టుకుంటోంది!"

"కొట్టుకోవాలి. పుర్రె ఎముకలు ఇంకా కలవలేదు. దాన్ని ఫాంటనెల్ అంటాం."

"వీపు నిండా ఈ నూగేంటి?"

"లాన్యూగో. అదే రాలిపోతుంది."

"ప్రతిదానికీ ఓ పేరు పెట్టారే మీవాళ్ళు."

"మీవాళ్ళు మాత్రం? మంచి మనిషిని పట్టుకుని మైకన్నారు."

అతను మంచి మనిషి అన్న మాట దగ్గరే ఆగిపోయాడు. "అందరూ మిమ్మల్ని సిస్టర్ అంటున్నారు," అన్నాడు.

"అవును."

"నేను అనను."

"ఏం?"

"నాకు ఉన్న అక్కతోనే వేగలేకపోతున్నా."

ఆమె సిరంజిలో పాలు కొలుస్తున్నట్టు అటు తిరిగింది. అంతసేపు కొలవాల్సిన పాలు అందులో లేవు.

ఒక మధ్యాహ్నం జోరుగా వాన. కిటికీ అద్దాల మీద నీళ్ళు కారుతున్నాయి, వార్డులో పిల్లలందరూ నిద్రలో ఉన్నారు. ఉన్నట్టుండి పిడికిలి మిషను గోలపెట్టింది. గుండె వేగం నూట నలభై దగ్గర ఉండాల్సింది ఎనభై నాలుగు చూపిస్తోంది. ఎర్రలైటు.

"ఏమైంది? ఏమండీ, పాపకేమైంది?"

ఆమె అప్పటికే వచ్చేసింది. పాప పెదాలు చూసింది, గులాబీరంగులో ఉన్నాయి. వీపు చూసింది, ఊపిరి ఆడుతోంది. స్టెతస్కోపు పెట్టి వింది. మిషను మాత్రం చావుకబురు చెబుతూనే ఉంది. అప్పుడు పాప పాదం వైపు చూసి, అతని చిటికెన వేలు పట్టుకుంది.

గుండె వేగం కొలిచే పట్టీ పాప పాదం నుంచి జారిపోయి, ఆ పాదాన్ని పట్టుకున్న అతని వేలికి అతుక్కుపోయింది.

"ఇది పాప గుండె కాదు," అంది.

"మరి?"

"మీది."

ఆమె చెయ్యి ఇంకా అతని వేలి మీదే ఉంది. అంకె తొంభై ఒకటి అయింది. ఇద్దరూ మిషను వైపే చూస్తున్నారు. తొంభై ఎనిమిది. ఆమె ముఖం కొంచెం దగ్గరికొచ్చింది, పట్టీ ఊడదీయడానికే. నూట ఆరు. నూరు దాటగానే మిషను తృప్తిపడి అలారం ఆపేసింది.

వార్డు నిశ్శబ్దమైపోయింది. వాన ఒక్కటే వినపడుతోంది.

"ప్రోబ్ జారింది, అంతే," అంది నర్సు గొంతుతో. ఎర్రబడిన ఆమె చెవులు ఆ గొంతు మాట వినలేదు.

"నేను మీకో మాట చెప్పాలని..."

"చెప్పకండి. ఆ కుర్చీలో ఉన్నంతసేపు మీరు పాపకి మామయ్య, నేను పాపకి నర్సుని. ఇక్కడ వేరే మాట లేదు."

"కుర్చీ దిగాక?"

"దిగాక మీకు లోపలికి రావడానికి పర్మిషనే ఉండదు."

అదీ చిక్కు. అక్క లేచి తిరిగితే కుర్చీ అక్కది. మైకు బయటికి. బయట ఆమెని కలిసే వంక ఒక్కటీ లేదు.

మర్నాడు పాలగిన్నె అందుకుంటూ ఆమె అడిగింది. "అక్క ఎలా ఉన్నారు?"

ఇంకా నీరసంగానే ఉందండీ అంటే చాలు. ఇంకో వారం కుర్చీ అతనిదే. ఎవరూ తప్పుపట్టరు, ఎవరికీ తెలియదు కూడా. అలాంటి చిన్న అబద్ధాలతో కుర్చీలు కాపాడుకునేవాళ్ళ మీదే అతను గేటు దగ్గర గొంతు చించుకుంటాడు.

"బీపీ దిగింది," అన్నాడు. "వరండా దాకా నడిచింది. రేపు తీసుకొస్తా. పాపని తన మీదే పడుకోబెట్టండి."

"అయితే రేపటినుంచి మీకిక్కడ పనుండదు."

"తెలుసు."

"తెలిసే చెప్పారా?"

"కన్నతల్లి అండీ. ఇంకా ముద్దుకూడా పెట్టుకోలేదు."

ఆమె అతన్ని ఒక క్షణం చూసింది. పాలగిన్నె లోపలికి తీసుకెళ్ళింది.

మర్నాడు అక్క చక్రాల కుర్చీలో వచ్చింది. పాపని చూసి చేతులు చాపి, మళ్ళీ వెనక్కి తీసుకుంది.

"భయమేస్తోందిరా. ఇన్నాళ్ళూ నీ గుండెల మీదే ఉంది. నన్ను గుర్తుపట్టదేమో."

"అక్కా, నాది అద్దెకొంప. సొంతిల్లు నువ్వు. వాలి కూర్చో ముందు."

తనే పాపని అక్క మీద పడుకోబెట్టాడు. "తల పక్కకి. గడ్డం కొంచెం పైకి, ఊపిరి ఆడాలి. కాళ్ళు కప్పలా ముడుచుకోనీ." నర్సు దేన్నీ సరిచేయకుండానే గుడ్డ కట్టింది. పిడికిలి కాసేపు మెలికలు తిరిగి, మూతి అటూ ఇటూ ఆడించి, వెతుక్కుని, చప్పున పట్టుకుంది. పుట్టాక మొదటిసారి ముక్కులో గొట్టం లేకుండా పాలు తాగింది.

అక్క కళ్ళు తుడుచుకుని తలెత్తేసరికి తమ్ముడు పాపని చూడటం లేదు.

"ఒరేయ్. ఎన్నాళ్ళనుంచి?"

"ఏంటక్కా?"

"డిపో ఎగిరిపోయేలా అరిచేవాడివి గొణుగుతున్నావంటే ఏదో ఉంది. సిస్టర్, మావాడికి నోరు పెద్దది, కడుపులో ఏమీ ఉండదు. ఆ తర్వాత మీ ఇష్టం."

"పాపని చూడండి," అంది నర్సు, పరదా సర్దుతూ.

మైకు బయటికొచ్చేశాడు. సాయంత్రం దాకా ఆసుపత్రి ఎదుటి బస్‌స్టాపులోనే కూర్చున్నాడు. ఆమె సొంత బట్టల్లో, మాస్కు లేకుండా రోడ్డు దాటి వచ్చింది. ముఖం మొత్తం చూడటం అదే మొదలు.

"ఇంకా వెళ్ళలేదా?"

"వాన."

"అది తగ్గి గంటయింది." పక్కన కూర్చుంది. "ఏదైనా మాట్లాడండి. మీటింగుల్లో మాట్లాడతారుగా."

"రావట్లేదు."

"అయితే నేనే మాట్లాడతా. ఉద్యోగం మానను. నాకు నైట్ డ్యూటీ ఉన్నరోజు వంట మీది. పిల్లలు ఎప్పుడు, ఎంతమంది, అసలు కావాలా వద్దా, ఆఖరి మాట నాది."

"ఒప్పుకున్నా."

"బేరం ఆడరా? యూనియన్ నాయకులు!"

"బేరం యాజమాన్యంతో ఆడతాం. న్యాయమైనవి ఒప్పుకుంటాం."

"ఇంతకీ అడగాల్సినవాళ్ళు అడగలేదు."

"నన్ను పెళ్ళి చేసుకుంటారా?" అన్నాడు. బస్‌స్టాపులో ఉన్నవాళ్ళంతా ఇటు తిరిగారు.

ఆమె తలొంచుకోలేదు, సిగ్గుపడలేదు. "ఆదివారం మా అమ్మ దగ్గరికి రండి."

"ఆవిడకి ఏం చెప్పను?"

"మీరేం చెప్పక్కర్లేదు. నిన్న రాత్రే నేను చెప్పేశా."

"నేను అడగకముందేనా!"

"కుర్చీ పోతుందని తెలిసీ నిజం చెప్పారు. ఇంక నేనేం అడగాలి?"

బస్సొచ్చింది. ఆమె ఎక్కింది. అది మైకు ఇంటివైపు వెళ్ళే బస్సు కాదు. ఆ ముక్క అతనికంటే బాగా తెలిసినవాడు ఊళ్ళో లేడు. ఎక్కేశాడు.