మూడో తాళంచెవి

రోడ్డు ఊడ్చే ఆవిడ కాలవ పక్కన బోర్లా పడి ఉంది. చీపురు కర్ర రెండు ముక్కలై అవతల ఎక్కడో పడింది. తారు మీద ఎర్రగా ఒక చార. పడ్డచోట ఆగలేదు. ఆవిడ కాలవ దాకా పాకినట్టుంది.

"ఎప్పుడు పోయింది?" ఇన్‌స్పెక్టర్ వంగి చూస్తూ అడిగింది.

"కారు గుద్దింది ఐదున్నరకి మేడమ్. ప్రాణం పోయింది ఆరు దాటాక," అన్నాడు డాక్టర్. "అరగంట కొట్టుకుంది. గాయం దగ్గర గట్టిగా అదిమిపట్టే మనిషి ఒక్కరుంటే బతికేది."

ఎదురుగా మందుల షాపు కెమెరాలో కారు నంబరు పడింది. నడిపిన మనిషి ముఖం పడలేదు.

ఎనిమిదింటికల్లా కారు దొరికింది. రెండు వీధుల అవతల, ఒక చిన్న ఇంటి ముందు, ఎప్పుడూ ఉండేచోటే. ముందు ఎడమ లైటు పగిలి ఉంది.

తలుపు తీసింది ఒక నర్సు. నలభై దాటిన మనిషి. పెద్దాసుపత్రిలో ఎమర్జెన్సీ వార్డు ఆవిడది.

జరిగింది చెప్పగానే ఆవిడ గుమ్మం పట్టుకుంది. చూపు ఒక్కసారి ముందుగది తలుపు మీదికి వెళ్లి వచ్చింది.

"కారు ఎవరిది?"

"నాదే."

"తాళంచెవులు?"

"రెండు. ఒకటి బ్యాగులో. ఒకటి బీరువాలో."

"బీరువా తాళం?"

"నా మెడలో."

"పొద్దున కారు ఎవరు తీశారు?"

నర్సు చెయ్యి మెడలోని తాళం మీదికి వెళ్లింది.

"నేనే."

ముందుగది తలుపు తెరుచుకుంది. ఆవిడ తమ్ముడు బయటికొచ్చాడు. ఇరవై ఆరేళ్ల కుర్రాడు. సెల్‌ఫోన్ల షాపు నడుపుతాడు. తల్లి పోయినప్పుడు వాడికి నాలుగేళ్లు. అప్పట్నుంచీ అక్కే అమ్మ.

"అక్కా, ఏమైంది?" అన్నాడు కళ్లు నులుముకుంటూ.

"ఏం లేదురా. నువ్వు లోపలికెళ్లు," అంది నర్సు.

* * *

స్టేషన్‌లో ఇన్‌స్పెక్టర్ మళ్లీ మొదలుపెట్టింది.

"అంత పొద్దున్నే ఎక్కడికి బయల్దేరారు?"

"డ్యూటీకి."

"మీ డ్యూటీ మధ్యాహ్నం రెండింటికి."

నర్సు గోడ గడియారం వంక చూసింది.

"కారుకి ఏ లైటు పగిలింది?"

"కుడి... కుడివైపుది."

ఇన్‌స్పెక్టర్ పెన్ను మూసేసింది.

"ఒప్పుకుంది కదా మేడమ్, ఇంకెందుకు బుర్ర పాడుచేసుకోవడం?" అన్నాడు హెడ్ కానిస్టేబుల్. "నోటికందిన ముద్ద ఇది."

"పద్దెనిమిదేళ్లు ఎమర్జెన్సీలో పనిచేసిన మనిషి. కొన ఊపిరితో ఉన్నదాన్ని రోడ్డు మీద వదిలేసి ఇంటికొచ్చి పడుకుంటుందా?"

"భయం మేడమ్. భయం ఎవరినైనా మారుస్తుంది."

ఆ మాటా నిజమే. పైగా రెండు తాళంచెవులూ నర్సు దగ్గరే దొరికాయి. రెండూ సీలు వేసి ఇన్‌స్పెక్టర్ డ్రాయరులో ఉన్నాయి. తాళంచెవి లేకుండా ఆ కారు స్టార్ట్ కాదు.

అన్నిటికీ మించి తమ్ముడి స్టేట్‌మెంట్ ఉంది. "అక్క కారు తియ్యడం కిటికీలోంచి చూశాను." కింద సంతకం. అక్షరం వణకలేదు.

మూడోరోజు ఉదయం తమ్ముడు స్టేషన్‌కి వచ్చి వెళ్లాడు. కారు విడిపించుకోవడానికి కోర్టు ఆర్డరు తెచ్చాడు. పోలీసు కస్టడీలో ఉన్న అక్క చేత అధికారపత్రం కూడా రాయించుకున్నాడు.

"సాయంత్రం రమ్మన్నాను మేడమ్," అన్నాడు హెడ్. "బండి ఎప్పుడిస్తారు, యార్డు ఎటు, అంతే అడిగాడు. ఇంకో మాట లేదు."

ఇన్‌స్పెక్టర్ టీ గ్లాసు కింద పెట్టింది. డ్రాయరు తెరిచి సీలు కవరు వంక చూసింది. మెకానిక్‌కి ఫోన్ చేసింది.

మెకానిక్ కారుకి స్కానర్ తగిలించాడు. తెర వంక చూసి బుగ్గ గోక్కున్నాడు.

"మేడమ్, ఈ బండి కంప్యూటరు మూడు తాళంచెవుల్ని గుర్తుపడుతోంది."

"షోరూమ్ వాళ్లు రెండే ఇచ్చారే?"

"మూడోది ఇంట్లోనే చేసుకోవచ్చు. కొత్త తాళంచెవి కొని, పళ్లు కోయించాలి. తర్వాత కార్లో కూర్చుని పాతది ఒకటి పెట్టి తిప్పాలి. తీసేసి వెంటనే రెండో పాతది. ఆ వెంటనే కొత్తది. డ్యాష్‌బోర్డు మీద లైటు ఆరితే పనయినట్టే."

"పాతది ఒక్కటే ఉంటే?"

"కుదరదు. రెండూ చేతిలో ఉండాలి. దొంగలు చేసుకోకుండా పెట్టిన కిటుకు అది."

* * *

సాయంత్రం ఇన్‌స్పెక్టర్ గదిలో ముగ్గురు కూర్చున్నారు. నర్సు. తమ్ముడు. చనిపోయినావిడ కూతురు, గోడ పక్కన. టైలరింగ్ షాపు నుంచి అలాగే వచ్చింది, భుజం మీద దారపు పోగులతో.

ఇన్‌స్పెక్టర్ మెకానిక్ చెప్పినదంతా చెప్పింది.

"అంటే మూడోది కూడా అక్కే చేసుకుంది," అన్నాడు తమ్ముడు. "రెండూ అక్క దగ్గరేగా ఉంటాయి."

"నిజమే. అక్కే చేసింది. కానీ రెండు తాళంచెవులున్న మనిషికి మూడోది ఎందుకు? ఇంకొకరికి ఇవ్వడానికి."

నర్సు తల దించుకుంది.

"నువ్వు పొద్దున కారు కోసం వచ్చావు," అంది ఇన్‌స్పెక్టర్. "యార్డు ఎటని అడిగావు. తాళంచెవి అడగలేదు. రెండూ నా డ్రాయరులో ఉన్నాయి. కారు ఎలా తీసుకెళ్దామనుకున్నావు? తోసుకుంటూనా?"

తమ్ముడి చెయ్యి జేబు మీదికి వెళ్లి ఆగింది.

"జేబులో ఉన్నవి బల్ల మీద పెట్టు."

ఫోను. పర్సు. షాపు తాళాలు. చివర్న నల్లటి తాళంచెవి, కొత్తది.

హెడ్ దాన్ని పట్టుకుని యార్డులోకి వెళ్లాడు. కాసేపటికి ఇంజన్ స్టార్టయిన చప్పుడు కిటికీలోంచి వినిపించింది.

"వాడి పుట్టినరోజుకి చేశాను," అంది నర్సు మెల్లగా. "వీడియో చూసి నేర్చుకున్నాను. మూడుసార్లు తప్పింది. నాలుగోసారి లైటు ఆరితే చిన్నపిల్లలా చప్పట్లు కొట్టాను." కళ్లు తుడుచుకుంది. "చిన్నవాడండీ. జైల్లో బతకలేడు. నా పేరే ఉండనివ్వండి."

ఇన్‌స్పెక్టర్ తమ్ముడి స్టేట్‌మెంట్ కాగితం ఆవిడ ముందుకి జరిపింది.

నర్సు చదివింది. మళ్లీ చదివింది.

"ఇది ఎప్పుడు రాసిచ్చాడు?"

"మొదటిరోజే. మిమ్మల్ని జీపు ఎక్కించిన గంటకి. ఎవరూ బలవంతపెట్టలేదు."

నర్సు తమ్ముడి వంక చూసింది. ఆ మొహం ఎవరిదో పోల్చుకుంటున్నట్టు చూసింది.

"నువ్వెలాగూ ఒప్పేసుకున్నావు కదక్కా..." అన్నాడు వాడు. "ఫ్రెండ్స్ దగ్గర్నుంచి వస్తున్నాను. కునుకు పట్టింది."

గోడ పక్కనున్న పిల్ల మొదటిసారి నోరు విప్పింది.

"కారు దిగావా?"

వాడు నేల చూపులు చూశాడు. "దిగాను."

"అమ్మ ఏమైనా అందా?"

"మంచినీళ్లు అడిగింది."

ఆ పిల్ల భుజం మీది దారపు పోగు తీసి వేలికి చుట్టుకుంది.

నర్సు లేచి నిలబడింది.

"పక్క గదిలోనే ఉన్నాను కదరా. రెండు వీధులు. పరిగెత్తితే మూడు నిమిషాలు. నేను రోజూ చేసే పనే అది. ఎందుకు లేపలేదు?"

"తిడతావని," అన్నాడు తమ్ముడు.

నర్సు స్టేట్‌మెంట్ కాగితాన్ని బల్ల మీద పెట్టింది. తర్వాత ఇన్‌స్పెక్టర్ వైపు తిరిగింది.

"నేను చెప్పింది అబద్ధమని రాసుకోండి," అంది. "వీడి పేరు రాయండి."