స్కూలు రిజిస్టర్‌లో పాత నంబర్

సుమన పరుగెడుతోంది.

చెప్పు ఒకటి ఎక్కడో జారిపోయింది. వెనక్కి చూడలేదు.

తొర్రూరులో స్కూలు వెనక పత్తి గోదాము తగలబడుతోంది. నల్లటి పొగ... మధ్యాహ్నమే చీకటి పడ్డట్టుంది.

పిల్లలను తీసుకెళ్లమని స్కూలు నుంచి అందరికీ మెసేజ్ వచ్చింది. సుమనకు రాలేదు. టైలర్ షాపులో ఆమె పక్క మిషన్ మీద కుట్టే అండాలుకు వచ్చింది.

"నీకు రాలేదా సుమనా? మెసేజ్ చూపెడితెనే పిల్లల్ని పంపుతరట."

సుమన మిషన్ వదిలేసి లేచింది.

రిజిస్టర్‌లో ఉన్నది హరిలాల్ నంబర్. ఆమె మొగుడు. రెండేళ్ల క్రితం కొడవలితో ఆమె భుజం నరికినవాడు. బెయిల్ మీద బయటికొచ్చి భూపాలపల్లిలో ఉంటున్నాడు.

నిన్న సాయంత్రం తొర్రూరు బస్టాండులో కనిపించాడు.

నంబర్ మార్చమని ఆమె రెండుసార్లు కాగితం రాసిచ్చింది. ఎవరూ మార్చలేదు.

గేటు దగ్గర పీఈటీ సారు శ్రీపాల్. చేతిలో లిస్టు.

"మూడో తరగతి సింధు... నా బిడ్డ ఏది సార్?"

"ఇప్పుడే పంపినం కదమ్మా. వాళ్ల నాయిన వచ్చిండు. మెసేజ్ చూపెట్టిండు."

సుమన జాకెట్టు చెయ్యి పైకి లాగింది. జానెడు మచ్చ.

"గిది చేసినోడు గా నాయిననే సార్."

శ్రీపాల్ లిస్టు పక్కన పడేసి బైకు తీశాడు.

"ఎర్ర బండి... నర్సింహులపేట దిక్కు పోయిండు. ఎక్కుండ్రి."

అతని బైకు ఊరు దాటింది. మలుపులో ఒక్క నిమిషం ఆపి, తల్లిదండ్రుల గ్రూపులో మెసేజ్ కొట్టాడు.

'ఎర్ర బండి. స్కూలు డ్రెస్సులో పాప. నర్సింహులపేట రోడ్డు. కనబడితే ఆపండి.'

జవాబులు మొదలయ్యాయి. చూసినం. ఇటే పోయిండు. ఇప్పుడే మా ఊరు దాటిండు.

చివరికి కిష్టయ్య అనే ఒక తండ్రి నుంచి... 'బండి దొరికింది సార్. జల్ది రాండ్రి.'

సుమన ఊపిరి తీసుకుంది.

నర్సింహులపేట బస్సు స్టేజీ. పదిమంది గుమిగూడారు. మధ్యలో ఎర్ర బండి.

బండి మీద ఎవరూ లేరు.

హ్యాండిల్‌కు సింధు స్కూలు బ్యాగు వేలాడుతోంది.

సుమన ఫోన్ మోగింది. హరిలాల్. స్పీకర్ పెట్టింది.

"మీ సారు మెసేజ్ నాకు గూడ వచ్చిందే. ఎర్ర బండి అని మంచిగ రాసిండు. గందుకే బండి ఇడిసిపెట్టిన."

అతని వెనక ఎవరో ఆడమనిషి గొంతు.

"మానుకోట... మానుకోట... టికెట్ తీసుకోండ్రి."

బస్సులో ఉన్నాడు.

శ్రీపాల్ బొటనవేలు మళ్లీ గ్రూపు మీదికి పోయింది. సుమన అతని మణికట్టు పట్టుకుంది. తల అడ్డంగా ఊపింది.

అతనికి అర్థమైంది. దూరంగా పోయి పోలీసులకు, వంద నంబరుకు ఫోన్ చేశాడు.

ఇక ఇతన్ని లైన్లో ఉంచాలి.

"పిల్ల పొద్దున సరిగ తినలే. ఏమన్న కొనిచ్చినవా?"

"నాకు చెప్తున్నవా?"

"కేసు వాపసు తీసుకుంట. నువ్వు ఎట్ల చెప్తె అట్ల ఇంట."

అతను నవ్వాడు. తిట్టాడు. ఆమె అన్నిటికీ ఊఁ కొట్టింది. పది నిమిషాలు... పదిహేను...

బ్రేకు కీచుమంది.

"బస్సు ఎందుకు ఆపిండ్రు?" హరిలాల్ గొంతు మారింది. "పోలీసులను పిలిచినవా?"

అరుపులు. ఒక ఆడమనిషి కేక. ఫోన్ కింద పడ్డ చప్పుడు.

"సింధూ..."

బూట్ల శబ్దం. తర్వాత ఏమీ లేదు.

లైన్ మాత్రం కట్ కాలేదు.

చాలాసేపటికి, చిన్న గొంతు.

"యాడీ..."

వాళ్ల తండాలో అమ్మను పిలిచే పిలుపు.

"బిడ్డా, ఏమైంది నీకు?"

"నాకేం కాలే. డ్రెస్సు నిండ రక్తం... నాది కాదు యాడీ."

"మరి ఎవరిది?"

"టికెట్లిచ్చే అక్కది. నాయిన కత్తి తీస్తె నాకు అడ్డమొచ్చింది... లేపితె లేస్తలేదు."