ఒరెలా పడవకు రెండో ఆధారం

“పేజీ అడుగునా? చీమ తలకాయంత అక్షరాల్లోనా? మా నాన్న సంగతి చెప్పిందాన్ని నేను. నన్ను తీసుకెళ్లి కాళ్ల దగ్గర కూర్చోబెడతావా?”

మూడు రోజులుగా ఇస్మే నాయనమ్మది ఇదే గొడవ. కోకో టీ చల్లారినా ఆవిడ చల్లారలేదు.

“అది ఫుట్‌నోట్ నాయనమ్మా. ఏ మాట ఎవరు చెప్పారో అక్కడే రాస్తారు.”

“మరి మీ లెక్చరర్ పేరు పైనెందుకుందే?”

మనవరాలు జెనెల్ గుబులు వేరు. ఒరెలా అనే తెరచాప పడవను కట్టింది తన ముత్తాత థడ్డియస్ అని కాలేజీ చరిత్ర ప్రాజెక్టులో రాస్తే, లెక్చరర్ ఎర్ర సిరాతో తిప్పి పంపాడు: ‘ఒక్కటే ఆధారం, అదీ మీ నాయనమ్మ. వచ్చే శుక్రవారంలోగా రెండోది లేకపోతే ఈ అధ్యాయం కొట్టేస్తాను.’

విండ్‌వర్డ్ ఊరు మొత్తానికి రెండో ఆధారం ఒక్కచోటే ఉంది. ఆ పడవ కట్టింది మేమేనని రొమ్ము విరుచుకునే రోలన్స్ వాళ్లింట్లో, వాళ్ల ముత్తాత రాసుకున్న పనిపుస్తకం.

ఆ ఇంటి కుర్రాడు కెల్‌రాయ్ పుస్తకాన్ని గడప దాటనివ్వలేదు.

“ముట్టుకుంటే పొడైపోయేలా ఉంది. రోజుకి నాలుగు పేజీలే, అవీ నేను తెరిచిచ్చినవే. మా వసారాలోనే కూర్చుని రాసుకో.”

“నువ్వేమన్నా లైబ్రేరియన్‌వా?”

“జరిమానా కూడా వేస్తాను. ఆలస్యంగా వస్తే ఓ వేయించిన చేప.”

వరసగా ఆరు రోజులు వెళ్లింది. రెండు చేపలు సమర్పించుకుంది. దేవదారు చెక్కల కొలతలు తప్ప ఏమీ దొరకలేదు. గురువారం సాయంత్రం, జోరు వానలో, కనీసం ఆధారాల పట్టికైనా రాసుకుందామనుకుంది. దానికి పుస్తకం ఎవరిదో, ఏ ఏడాదిదో కావాలి. మొదటి పేజీ తిప్పింది. కెల్‌రాయ్ చెయ్యి అడ్డం పెట్టేలోపే చదివేసింది.

‘1931. ఒరెలా. కొలత గీసిందీ, అడుగుదూలం చెక్కిందీ థడ్డియస్. నేను పలకలు కొట్టాను.’

“నీకు మొదటి రోజే తెలుసు కదూ!”

“తెలుసు.”

“మీ వాళ్ల పరువు పోతుందని దాచావా?”

“పరువుదేముంది, పోతే పోనీ. మొదటి రోజే చూపిస్తే రెండో రోజు వచ్చేదానివా?”

వాన చప్పుడులో వినపడలేదని బుకాయిద్దామనుకుంది. బుగ్గలు వేడెక్కి పట్టించేశాయి.

“ఆధారం దాచడం తప్పు, తెలుసా?”

“శిక్ష వెయ్యి మరి.”

“రేపు మీ అమ్మకి ఈ పేజీ నువ్వే చదివి వినిపించు.”

అతని నవ్వు ఆగిపోయింది. ఒక్క క్షణం పుస్తకం వైపు చూశాడు.

“రేపెందుకు? అమ్మా, ఓసారిలా రా!”

ఆవిడ గరిటెతోనే వచ్చి, చదివిందంతా విని, కొడుకునీ జెనెల్‌నీ మార్చి మార్చి చూసింది.

“మీ నాన్నతో మాత్రం నువ్వే చెప్పుకో,” అని కొడుకుతో అనేసి లోపలికి వెళ్లిపోయింది.

శనివారం మధ్యాహ్నం భోజనాల దగ్గర జెనెల్ తండ్రి తీరుబడిగా అడిగాడు. “ప్రాజెక్టు ఇచ్చేశావుగా. ఇంక రోలన్స్ వాళ్లింటికి వెళ్లే పని లేదుగా?”

“పనేమీ లేదు నాన్నా,” అంది జెనెల్, నాయనమ్మ పళ్లెంలో చేప వడ్డిస్తూ. “అయినా వెళ్తాను. రేపు చర్చి నుంచి కెల్‌రాయ్ నాతో ఇక్కడికే వస్తాడు. చదువయ్యాక అతన్నే చేసుకుంటాను. అందరూ ఉన్నప్పుడే చెప్పేద్దామని.”